ప్రశ్నలతో కట్టిన పుస్తకాలయము

ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ హిందూ రసాయన శాస్త్ర చరిత్రను ఆంగ్లమున రెండు సంపుటములుగా రచించెను. మొదటిది 1902లోను, రెండవది 1909లోను వెలువడెను. గ్రంథాలయమున ఈ పుస్తకమును ఏ అరలో నిలుపవలెను? రసాయన శాస్త్రపు అరలో నిలిపినచో చరిత్ర విద్యార్థికి అది కనబడదు. చరిత్ర అరలో ఉంచినచో రసాయనము చదువువాడు దానిని ఎరుగకయే పోవును. ఆయుర్వేదమును గూర్చియో, లోహములను గూర్చియో వెదకువారికిని అందు కావలసిన సంగతులు కలవు. కావలసినవారు నలుగురు, పుస్తకము నిలుచు చోటు మాత్రము ఒకటే.

ఈ-పుస్తకమునకు అట్ట లేదు, బరువు లేదు. కంప్యూటరులో అది కొన్ని అంకెల వరుస. ఒకే సమయమున పది అరలలో కనబడుటకు దానికి ఏ అడ్డంకియు లేదు. అయినను జనులు చాలకాలము కంప్యూటరును కూడ చెక్క బీరువా వలెనే వాడిరి: ఒక ఫోల్డరు, అందులో మరియొక ఫోల్డరు, దాని అడుగున పుస్తకము. ఉన్నత పాఠశాలలో సైన్సు బోధించు ఒక ఉపాధ్యాయుని వద్ద రెండువేల ఈ-పుస్తకములు చేరినచో, రాయ్ గ్రంథమును "రసాయనము" అను ఫోల్డరులో వేయుటయా, "చరిత్ర"లో వేయుటయా అను పాత చిక్కే ఆయనకును ఎదురగును. రెండింటిలోను ఒక్కొక్క ప్రతి పెట్టవచ్చును. కాని ఒక ప్రతిలో వ్రాసికొన్న గుర్తులు రెండవ ప్రతిలో ఉండవు. ఏడాది తిరుగునప్పటికి ఏది సరియైన ప్రతియో పెట్టినవారికే తెలియదు.

ఈ చిక్కునకు దొరికిన ఉపాయములలో మేలైనది "సేవ్డ్ సెర్చి", అనగా దాచిన శోధన. పుస్తకములను కదల్పక, వానిని గూర్చిన ప్రశ్నను మాత్రము ఒక పేరుపెట్టి దాచుకొనుటయే దీని సారము. "రసాయనము, చరిత్ర అను రెండు విషయములును గల పుస్తకములేవి?" అనునది ప్రశ్న అయినచో, దానిని తెరచినప్పుడెల్ల కంప్యూటరు అప్పటికప్పుడు జవాబు సమకూర్చును. చూచుటకు అది ఫోల్డరు వలెనే ఉండును; కాని అందులో ఒక్క పుస్తకమైనను ఉండదు. నిన్న కొన్న పుస్తకము నేడు తనంతట తాను అందు కనబడును. జవాబును కాక ప్రశ్నను దాచుట అను ఈ ఆలోచన కంప్యూటరుతో పుట్టినది కాదు. దానికి ముందు చాల పెద్ద కథ కలదు.

క్రీ.పూ. 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున కల్లిమాకసు అను పండితుడు అచ్చటి గ్రంథములకు 120 చుట్టలుగల పట్టిక కూర్చెనని ప్రసిద్ధి. పుస్తకము ఒకచోట, దాని వివరము మరియొకచోట ఉండుట అప్పటినుండియే కలదు. కార్డుల పట్టిక మాత్రము చాల తరువాతిది. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వము 1791లో మఠములనుండి, ధనికుల ఇండ్లనుండి స్వాధీనమైన పుస్తకముల వివరములను పేకముక్కల వెనుక వ్రాయుడని ఆజ్ఞాపించెను. పేకముక్క గట్టిది, ఒకే కొలత గలది, ఎట్లు కావలసిన అట్లు పేర్చుటకు వీలైనది! కార్డు వచ్చిన తరువాత ఒక సౌకర్యము కలిగెను. పుస్తకము ఒక్క అరలోనే నిలిచినను, దానికి గ్రంథకర్త పేరున ఒక కార్డు, పుస్తకము పేరున ఒక కార్డు, విషయముల పేరున రెండు మూడు కార్డులు వ్రాయవచ్చును. రాయ్ పుస్తకమును చరిత్ర విద్యార్థియు, రసాయన విద్యార్థియు కార్డుల పెట్టెలో కనుగొనగలరు. అయితే ప్రతి కార్డును ఎవరో ఒకరు ముందే ఊహించి వ్రాయవలెను. ఊహించని ప్రశ్నకు పెట్టెలో జవాబు లేదు.

ఊహించని ప్రశ్నకు కూడ జవాబు చెప్పగల పద్ధతికి దారి చూపినవారిలో షియాలి రామామృత రంగనాథన్ ముఖ్యుడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచు ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు మొదటి గ్రంథాలయాధికారి ఆయెను. ఆ ఏడే శిక్షణకు లండను వెళ్లెను. అచ్చట ఒక దుకాణములో మెకానో అను ఆటవస్తువును చూచెను. చిల్లులుగల లోహపు పట్టీలు, మరలు, చక్రములు కొన్నియే; వానిని కలిపిన కొలది బొమ్మలు ఎన్నియో. విషయములను కూడ ముందే జాబితా వ్రాసి పెట్టక, చిన్న భాగములుగా విడదీసి కావలసినట్లు కలిపినచో ఏమి అని ఆయనకు తోచెను. 1933లో వెలువడిన ఆయన "కోలన్ వర్గీకరణము" ఆ ఆలోచన ఫలము. తరువాతి ముద్రణలలో ఈ భాగములు వ్యక్తి, ద్రవ్యము, శక్తి, దేశము, కాలము అను ఐదు మూలములకు చేరెను. పుస్తకము ఫలానా అరకు చెందినది అని కాక, పుస్తకమునకు ఈ ఈ లక్షణములు కలవు అని చెప్పుట ఇందలి విశేషము. నేటి దాచిన శోధనకు ఈ దృష్టియే ప్రాణము. గ్రంథాలయోద్యమము బలముగా నడచిన ఆంధ్రదేశమున కూడ రంగనాథన్ పేరు అరల అంకెలతోనే గుర్తుండుట కొంత అన్యాయము. ఆయన చెప్పినది అరలను దాటిన సంగతి.

లక్షణములను కలిపి అడుగు పని చేతితో చేయుటకు ఒక చిత్రమైన సాధనము 20వ శతాబ్దపు నడిమి కాలమున వాడుకలో ఉండెను. అది అంచులకు రంధ్రములుగల కార్డు. కార్డు నాలుగు అంచుల వెంట వరుసగా చిన్న రంధ్రములుండును. ఒక్కొక్క రంధ్రము ఒక్కొక్క విషయమునకు గుర్తు. పుస్తకమునకు "రసాయనము" అను లక్షణమున్నచో, ఆ రంధ్రమునుండి అంచువరకు కత్తిరించి నోరు తెరతురు. లేనిచో రంధ్రము అట్లే ఉండును. కార్డులన్నియు కట్టగా పట్టుకొని "రసాయనము" రంధ్రములోనికి అల్లికసూది వంటి పొడవైన సూదిని దూర్చి పైకెత్తి విదిలించినచో, నోరు తెరచిన కార్డులు రాలిపడును. తక్కినవి సూదికి వ్రేలాడును. రాలినవానిని తీసికొని "చరిత్ర" రంధ్రములో మరల సూది దూర్చినచో, రెండు లక్షణములును గల కార్డులే రాలును. కట్టలో కార్డులు ఏ క్రమమున ఉన్నను బాధ లేదు. ఈ ఒక్క సంగతి చాల గొప్పది: వరుసగా పేర్చు శ్రమ తప్పెను. అమెరికాలో కాల్విన్ మూయర్స్ ఇట్టి కార్డులకు ఒక కొత్త సంకేత పద్ధతిని కల్పించెను. సమాచారమును తిరిగి రాబట్టు విద్యకు "ఇన్ఫర్మేషన్ రిట్రీవల్" అని 1950లో పేరుపెట్టినవాడును ఆయనయే. పాఠశాలలో అట్టముక్కలతో, కత్తెరతో ఈ కార్డులను విద్యార్థులచేత చేయించవచ్చును. "మరియు" అను తర్కక్రియ కంటికి కనబడుటకు ఇంతకంటె సులభమైన ప్రయోగము లేదు.

1945 జూలైలో "అట్లాంటిక్ మంత్లీ" అను అమెరికా పత్రికలో వానెవర్ బుష్ ఒక వ్యాసము వ్రాసెను. యుద్ధకాలమున ఆ దేశపు శాస్త్ర పరిశోధనలను నడిపిన ఇంజనీరు ఆయన. పరిశోధనలు పెరిగిపోవుచున్నవి, వానిని వెదకు పద్ధతులు మాత్రము పాతవి అని ఆయన వాపోయెను. ఒక వస్తువును అక్షరక్రమమునో, అంకెల క్రమమునో ఒక్క చోట ఇరికించి, మెట్టు మెట్టుగా దిగి వెదకుట మనస్సు పనిచేయు తీరు కాదని ఆయన వాదము. అందుకు బదులుగా "మెమెక్స్" అను బల్లను ఊహించెను. బల్ల లోపల సూక్ష్మచిత్రములుగా పుస్తకములు, బల్లపై తెరలు, పుస్తకమునుండి పుస్తకమునకు పాఠకుడు తానే వేసికొన్న దారులు. ఆ బల్లను ఎవరును నిర్మింపలేదు. కాని ఒక మనిషి ఇంటిలో, ఒక బల్లలో, తన సొంత గ్రంథాలయము ఇమిడియుండుట అను చిత్రము ఆ వ్యాసము వలన పెక్కుమంది మనస్సులలో నాటుకొనెను.

ప్రశ్నను నిజముగా యంత్రములో దాచుటకు రూపము కల్పించినవాడు హాన్స్ పీటర్ లూన్. జర్మనీలో 1896లో పుట్టి, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఈయన 1958లో ఒక పథకమును ప్రకటించెను. సంస్థలోని ప్రతి పాఠకునికి ఏ విషయములపై ఆసక్తియో పదముల పట్టికగా యంత్రమున దాచవలెను. కొత్త పత్రము వచ్చినప్పుడెల్ల దానిలోని పదములను యంత్రము ప్రతి పట్టికతోను పోల్చి, సరిపోయినవారికి కబురు పంపవలెను. అంతవరకు పుస్తకములు నిలుకడగా ఉండగా ప్రశ్నలు వచ్చి పోయెడివి. లూన్ పద్ధతిలో ప్రశ్న నిలుకడగా ఉండును. పుస్తకములు దాని ముందునుండి సాగిపోవును. ఈ తలక్రిందులు చేయుటలోనే దాచిన శోధన పుట్టినదని చెప్పవచ్చును. లూన్ 1964లో మరణించెను. సొంత కంప్యూటరు ఇంటింటికి వచ్చుట ఆయన చూడలేదు.

కంప్యూటరు రూపకర్తలు ఆ సమయమున వేరు దారి పట్టిరి. 1965లో మల్టిక్స్ అను కంప్యూటరు వ్యవస్థకై డేలీ, న్యూమన్ అనువారు ఫైళ్లను చెట్టుకొమ్మల వలె అమర్చు పద్ధతిని వివరించిరి. కొమ్మకు కొమ్మ, దానికి రెమ్మ, చివర ఆకువలె ఫైలు. అది చక్కని ఏర్పాటు. యూనిక్సు దానినే అనుసరించెను. 1981లో జిరాక్స్ సంస్థ "స్టార్" యంత్రము తెరపై ఫోల్డరు బొమ్మలు గీసి చూపెను. 1984లో మాకింటాష్ వచ్చి వానిని సామాన్యులకు అందించెను. కార్యాలయములోని బల్ల, ఫైళ్లు, బీరువా కంప్యూటరు తెరపైకి ఎక్కెను. వానితోపాటు "ఒక వస్తువునకు ఒకటే చోటు" అను పాత నియమము కూడ ఎక్కెను.

ఆ నియమమును సడలించు ప్రయత్నము 1991లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జరిగెను. డేవిడ్ గిఫర్డ్, ఆయన సహచరులు "సెమాంటిక్ ఫైల్ సిస్టమ్" అను దానిని నిర్మించిరి. అందు ఫోల్డరు పేరునే ప్రశ్నగా భావింతురు. "గ్రంథకర్త: రాయ్" అను పేరుగల ఫోల్డరును ఎవరును సృష్టింపకపోయినను, దానిలోనికి పోవ యత్నించినచో వ్యవస్థ అప్పటికప్పుడు రాయ్ వ్రాసిన ఫైళ్లన్నియు అందు చూపును. ఒక్కొక్క రకపు ఫైలును చదివి, దానినుండి గ్రంథకర్త, విషయము మొదలగు లక్షణములను రాబట్టు చిన్న కార్యక్రమములు వెనుక పనిచేయుచుండును. లేని ఫోల్డరు ఉన్నట్లు కనబడుట మాయవలె తోచును. నిజమునకు అది అంచు రంధ్రముల కార్డునకు విద్యుత్తు సూది దొరకుట మాత్రమే.

దీనిని సామాన్యుని బల్లమీదికి తెచ్చినది "బీ" అను చిన్న అమెరికా సంస్థ. దాని బీ.ఓ.ఎస్. అను వ్యవస్థకు డొమినిక్ జాంపాలో, సిరిల్ మ్యూరియాన్ అను ఇద్దరు 1996-97లో కొత్త ఫైలు పద్ధతిని నిర్మించిరి. అందు ప్రతి ఫైలునకు ఎన్ని లక్షణములనైనను తగిలించవచ్చును. వానికి సూచికలు ఏర్పరచవచ్చును. ప్రశ్నను ఒక ఫైలుగా దాచవచ్చును. ఇంకను విశేషమేమన, ఆ ప్రశ్న సజీవమైనది. కిటికీ తెరచియుండగా సరిపోవు కొత్త ఫైలు ఎచ్చట పుట్టినను అది వెంటనే జాబితాలో చేరెడిది. ఒక లోపము మాత్రము ఉండెను: సూచిక ఏర్పడక ముందు వ్రాసిన లక్షణములు ఆ సూచికలోనికి వాటంతట అవి చేరవు. పట్టిక మొదలుపెట్టిన దినమునకు ముందు వచ్చిన పుస్తకములను గ్రంథాలయోద్యోగి మరచినట్లే ఇది కూడ.

"బీ" సంస్థ వ్యాపారమున నిలువలేదు. 2001లో దాని ఆస్తులను పామ్ అను సంస్థ కొనెను. జాంపాలో 2002లో ఆపిల్ సంస్థలో చేరెను. అదే సంవత్సరము ఆపిల్ తన పాటల కార్యక్రమములో "స్మార్ట్ ప్లేలిస్టు"లను చేర్చెను: ఫలానా గాయకుని పాటలలో ఇటీవల విననివి మాత్రమే చూపుము, అనునట్టి షరతులతో పాటల జాబితా తయారగును. పుస్తకప్రియులకంటె ముందు సంగీతప్రియులకు దాచిన శోధన అలవడుట ఇందువలననే. 2005 ఏప్రిల్ 29న ఆపిల్ కంప్యూటర్లకు "స్పాట్‌లైట్" అను శోధనయు, "స్మార్ట్ ఫోల్డరు"లును కలిసి వచ్చినవి. అంతకు కొన్ని నెలల ముందు, 2004 అక్టోబరులో, గూగుల్ సంస్థ కూడ ఇంటి కంప్యూటరులోని ఫైళ్లను వెదకు కార్యక్రమమును విడుదల చేసెను; దానిని 2011లో నిలిపివేసెను.

ఇన్ని పుస్తకములను కంప్యూటరు రెప్పపాటులో ఎట్లు వెదకును? అడిగిన తరువాత వెదకదు. ముందే వెదకి పెట్టుకొనును. పాఠ్యగ్రంథము చివర అక్షరక్రమమున పదములు, వాని ఎదుట పుటల సంఖ్యలు ఉండును గదా. డెస్క్‌టాప్ శోధన అట్టి సూచికను కంప్యూటరులోని ఫైళ్లన్నింటికిని కలిపి తయారుచేసికొనును. "పాదరసము" అను పదము ఎదుట 17, 240, 1103 అను ఫైళ్ల సంఖ్యలును, "చరిత్ర" ఎదుట 9, 240, 611, 1103 అను సంఖ్యలును ఉన్నవనుకొనవచ్చును. రెండును గల పుస్తకములేవి అని అడుగగా యంత్రము రెండు వరుసలను పోల్చి 240, 1103 అని చెప్పును. పుస్తకములను ముట్టుకొననే లేదు. "మరియు", "లేదా", "కాదు" అను మూడు మాటలతో ఇట్టి లెక్కలు సాగును. ఈ తర్కగణితమునకు జార్జి బూల్ 1854లోనే పునాది వేసెను. దాచిన శోధన ఫైలును విప్పి చూచినచో అందుండునది ఈ మూడు మాటలతో కూర్చిన కొద్ది పంక్తులే.

మైక్రోసాఫ్ట్ సంస్థ కథ వేరు. ఫైళ్లన్నింటిని లక్షణములతో కూడిన ఒక మహా పట్టికగా మార్చవలెనని అది 2003లో "విన్ ఎఫ్.ఎస్." అను పథకమును ప్రకటించి, 2006లో విరమించుకొనెను. 2007 జనవరిలో సామాన్యులకు అందిన విండోస్ విస్టాలో దానికి బదులు సూచికతో పనిచేయు శోధనయు, దానిని దాచుకొను వీలును మాత్రము వచ్చినవి. గొప్ప భవనము కట్టబోయి చక్కని వరండా కట్టిరి. వాడుకరికి కావలసినది బహుశః ఆ వరండాయే.

ఇక పుస్తకముల వైపు చూచినచో, 1971 జూలై 4న ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మైకేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులో టైపు చేసెను. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అను ఉచిత ఈ-గ్రంథమాలకు అది ఆరంభము. 1993లో పి.డి.ఎఫ్. రూపము, 2007లో ఈపబ్ రూపము వచ్చినవి. పాఠకుల ఇండ్లలో ఈ-పుస్తకములు వందలు దాటి వేలకు చేరెను. 2006లో కోవిద్ గోయల్ అను భారతీయుడు సోనీ సంస్థవారి చదువు పరికరము తన లైనక్స్ కంప్యూటరుతో పనిచేయకపోగా, దానికై ఒక కార్యక్రమము వ్రాయ మొదలుపెట్టెను. 2008లో దానికి "కాలిబర్" అను పేరు వచ్చెను. అది ఉచితముగా లభించును. కాలిబర్ పుస్తకములను డిస్కుపై గ్రంథకర్త పేరున ఒకే తీరుగా అమర్చి, ఆ ఫోల్డరులను కదల్పవద్దని పాఠకుని కోరును. ఏర్పాటు అంతయు లక్షణములతోను, దాచిన శోధనలతోను జరుగవలెనని దాని పట్టుదల. 2013లో అది "వర్చువల్ లైబ్రరీ"లను చేర్చెను: ఒక దాచిన శోధనయే పూర్తి గ్రంథాలయమువలె కనబడును.

ఉపాధ్యాయునికి ఇది ఎట్లు ఉపయోగపడును? రెండువేల పుస్తకములకు ఆయన ఫోల్డరులు కట్టనక్కరలేదు. "తొమ్మిదవ తరగతి" అను గుర్తు, "ప్రయోగములు" అను గుర్తు, "చదివితిని" అను గుర్తు వంటివి కొన్ని చాలును. తొమ్మిదవ తరగతికి పనికివచ్చి, ప్రయోగములు గలిగి, తాను ఇంకను చదువని పుస్తకములు ఒక శోధన. గడచిన 30 దినములలో చేరినవి మరియొకటి. ఈ ప్రశ్న మారదు, జవాబు మాత్రము దినదినము మారును. కాలిబర్‌లో ఒక దాచిన శోధనను మరియొక శోధనలో భాగముగా వాడవచ్చును. "సైన్సు చరిత్ర" అను శోధనను ఒకసారి జాగ్రత్తగా కూర్చినచో, "సైన్సు చరిత్ర, తెలుగు భాష" అనునది దానిపై ఒక మెట్టు. గుర్తులు మరీ ఎక్కువగా పెట్టుట వలన మేలు లేదు. "రసాయనము", "రసాయనశాస్త్రము", "కెమిస్ట్రీ" అని ఒకే విషయమునకు మూడు పేర్లు పెట్టినవాడు మూడు ఫోల్డరులు పెట్టినవానికంటె మెరుగు కాడు.

ఈ గుర్తులను ఎచ్చట వ్రాయుదురు అనునది చిన్న ప్రశ్నగా తోచును; ఏండ్ల శ్రమ నిలుచుటయు, పోవుటయు దానిపై ఆధారపడియున్నది. బీ.ఓ.ఎస్. లక్షణములను ఫైలునకు పక్కన, తన ప్రత్యేక పద్ధతిలో ఉంచెడిది. ఆ ఫైలును మామూలు ఫ్లాపీపైకి మార్చినచో పుస్తకము వెళ్లెడిది, లక్షణములు రాలిపోయెడివి. ఆపిల్ కంప్యూటరులో 2013 నుండి పెట్టుచున్న రంగు గుర్తులను కూడ ఇతర కంప్యూటరులు లెక్కచేయవు. దాచిన శోధనను మరియొక యంత్రమునకు పంపినచో ప్రశ్న మాత్రమే వెళ్లును. జవాబు అచ్చటి పుస్తకములనుండి వచ్చును, లేదా ఏమియు రాదు. కావున వివరములు పుస్తకములోపలనే ఉండుట క్షేమము. 1995లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రపు డబ్లిన్ పట్టణమున గ్రంథాలయ నిపుణులు, కంప్యూటరు నిపుణులు కలిసి చేసిన ఆలోచననుండి 15 అంశముల వివరపత్రము ఏర్పడెను: పేరు, కర్త, విషయము, భాష, తేది మొదలగునవి. దానిని "డబ్లిన్ కోర్" అందురు. ఈపబ్ పుస్తకము ప్రతిదానిలోను ఈ పద్ధతిని అనుసరించి పేరు, భాష, గుర్తింపు సంఖ్య తప్పక ఉండవలెను. పి.డి.ఎఫ్.లో కూడ ఇట్టి వివరములను ఇముడ్చుటకు 2001 నుండి ఏర్పాటు కలదు. పాత కార్డుల పెట్టెలోని కార్డు పుస్తకపు కడుపులోనికి ప్రవేశించినది.

తెలుగు పుస్తకముల విషయమున ఈ కథ ఇంత సాఫీగా లేదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డి పదిలక్షల పుస్తకములను కంప్యూటరుకెక్కించు మహా పథకమును తలపెట్టెను. భారతదేశము, చైనా, ఈజిప్టు, అమెరికా అందు పాల్గొనెను. 2007 నాటికి పుస్తకముల సంఖ్య 15 లక్షలు దాటెను. భారతదేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఆ పథకములోనిదే. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ దాని ముఖ్య కేంద్రములలో ఒకటి. ఎక్కడెక్కడి గ్రంథాలయములలోనో చెదలకు ఆహారమగుచుండిన వేలకొలది తెలుగు పుస్తకములు అట్లు బయటపడెను. నేడు వానిలో పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవ్ నందు లభించుచున్నవి. ఈ మేలు ఎంతటిదో ఇరువది ఏండ్ల క్రిందట ఒక పాత తెలుగు సైన్సు పుస్తకమునకై ఊరూర తిరిగినవారికి తెలియును.

కాని ఆ పుస్తకములు పుటల ఛాయాచిత్రములు. మనిషి కంటికి అక్షరములు కనబడును. సూచిక తయారుచేయు యంత్రమునకు నల్లని చుక్కలు కనబడును. ఫైలు పేరు 2015తో ఆరంభమగు ఒక సంఖ్య, దాని వెంట ఆంగ్ల లిపిలో పుస్తకము పేరు. "రసాయనము" అను మాటను ఆంగ్ల లిపిలో ఎన్ని విధముల వ్రాయవచ్చునో, అన్ని విధములును ఇట్టి పేర్లలో ఎదురుపడవచ్చును. తెలుగులో ప్రశ్న దాచుకొన్న ఉపాధ్యాయునికి ఖాళీ కిటికీ కనబడును. పుస్తకము ఆయన కంప్యూటరులోనే ఉన్నది! లేదని ఆయన అనుకొనును.

ఛాయాచిత్రములు కాని పుస్తకములలోను చిక్కు కలదు. తెలుగు లిపికి యూనికోడ్ పట్టికలో 1991లోనే చోటు దొరికినను, అచ్చు పనిలో చాలకాలము పాత ఫాంటులే నడచినవి. అట్టి పి.డి.ఎఫ్. తెరపై ముచ్చటైన తెలుగు. లోపల ఆంగ్లాక్షరముల, గుర్తుల కలగాపులగము. సరియైన యూనికోడ్ ఉన్నచోట భాషయే పరీక్ష పెట్టును. "రసాయనము", "రసాయనం" యంత్రమునకు రెండు వేరు మాటలు. పాత ముద్రణలలోని అరసున్న, శకటరేఫము నేటి ప్రశ్నలో లేనిచో మాటలు కలియవు. "రసాయన" అని మొదలు మాత్రము అడిగినచో చివరల తేడాలు తొలగును. కాని విండోస్ శోధన మాట మొదటినుండి పోల్చును గాన "భౌతికరసాయనము" అను సమాసము దానికి దొరకదు. కాలిబర్ మాట నడుమ కూడ వెదకును గావున అందు దొరకును. సంధి సమాసములు గల భాషకు ఈ తేడా చిన్నది కాదు.

పుట చిత్రమునుండి అక్షరములను గుర్తించు కార్యక్రమములు నేడు తెలుగునకు కూడ ఉన్నవి. 1985లో హ్యూలెట్ పాకార్డ్ సంస్థలో మొదలై 2005లో అందరికి ఉచితముగా విడుదలైన టెసరాక్ట్ వానిలో ఒకటి. మంచి ముద్రణ అయినచో అది పనికివచ్చు పాఠ్యమునిచ్చును. నలిగిన పుటలలో ఒత్తులు, గుడులు తారుమారగును. పూర్తి పాఠ్యము సరిగా రాకపోయినను, పేరు, కర్త, సంవత్సరము, విషయము అను నాలుగు మాటలు తెలుగు లిపిలో చేతితో చేర్చుటకు పుస్తకమునకు రెండు నిమిషములు పట్టును. రెండువేల పుస్తకములకు అరువది ఆరు గంటలకు పైబడిన పని. ఒక్కడు చేయజాలడు; ఒక తరగతి విద్యార్థులు ఒక సంవత్సరములో చేయగలరు.

ఈ పనికి కూడ దాచిన శోధనయే తోడ్పడును. "విషయము వ్రాయబడని పుస్తకములు" అని ఒకటి, "కర్త పేరు తెలియనివి" అని ఒకటి, "భాష గుర్తింపనివి" అని ఒకటి కాలిబర్‌లో దాచుకొనవచ్చును. తక్కిన శోధనలు పుస్తకములు చేరినకొలది పెరుగును. ఈ మూడును పని జరిగినకొలది తరుగును. విద్యార్థి ఒక పాత పుస్తకము ముఖపత్రము చూచి, దాని పేరును, ముద్రించిన సంవత్సరమును, విషయమును, భాషను టైపు చేసిన క్షణమున అది ఈ జాబితానుండి జారిపోయి, రసాయనము వైపు ఒకసారి, చరిత్ర వైపు ఒకసారి కనబడును.